పద్నాలుగు ‘ముందు’ ఫోటోలు

మలివన్ ఇల్లు చూసినవాళ్ళెవరూ అక్కడ ఒక మనిషి కాపురం ఉంటోందని చప్పున నమ్మరు. ఫ్రా ప్రదేంగ్ అనే ఊళ్ళో నూలు మిల్లు వెనక, కాలవ గట్టున ఉన్న పన్నెండు గదుల వరసలో చివరి గది ఆమెది. రెండు కంచాలు, రెండు గిన్నెలు, ఒక బాణలి, మూడు జతల బట్టలు. గోడకి ఎన్ని మేకులో వాటికి అన్నే వస్తువులు. నేల మీద పసుపు టేపుతో గీతలు. చెప్పులకో చోటు, చీపురుకో చోటు, నీళ్ళ బిందెకో చోటు. పక్కగది ప్రానీ ఎప్పుడైనా వచ్చి పీట కాస్త జరిపి కూర్చుంటే, ఆమె లేచి వెళ్ళేదాకా మలివన్ చూపంతా పీట వదిలి వచ్చిన ఆ పసుపు చదరం మీదే ఉండేది.

“నీ ఇంట్లో దోమ వాలాలన్నా దానికో చోటు గీసి పెట్టుంటావు కదక్కా,” అనేది ప్రానీ.

“దోమ అక్కర్లేని సామాను. దానికి చోటు లేదు,” అనేది మలివన్, నవ్వకుండానే.

అలాంటి ఇంట్లో, మంచం కింద, ఏ గీతా లేని చోట ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో పద్నాలుగు ఫోటోలు. వాటిని పారెయ్యడానికి ఆమెకి చెయ్యి రాదు. మూత తీసి చూడటానికి ధైర్యం చాలదు. పద్నాలుగింటిలోనూ నిలబడి ఉన్నది ఒకే మనిషి. పేరు లమై. లమై చనిపోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆమె కూతురు వచ్చి ఆ ఫోటోలు ఇవ్వమని అడిగింది. ఇస్తే మిల్లులో ఉద్యోగం పోతుంది. అది చిన్న సంగతి. పద్నాలుగేళ్ళుగా తను చేసిన పని పేరేమిటో పదిమంది ముందూ ఒప్పుకోవాల్సి వస్తుంది.

*

మలివన్‌కి సర్దుడు పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమె పుట్టింది కాలవ మీద కర్రలు నాటి కట్టిన ఇంట్లో. వాళ్ళ అమ్మమ్మ దేన్నీ పారేసేది కాదు. పగిలిన సీసాలు, తీగ ముక్కలు, పాత సంచులు, ఎవరో వదిలేసిన గొడుగు చువ్వలు, అన్నీ ఎప్పటికో పనికొస్తాయని కప్పు దాకా పేర్చేది. ఒకనాటి పొద్దున దేవుడి పీట ముందు వెలిగించిన అగరొత్తి ఆ పోగులో పడింది. మలివన్‌కప్పుడు తొమ్మిదేళ్ళు. పావుగంటలో ఇల్లు లేదు, అమ్మమ్మా లేదు. అక్కర్లేని వస్తువు ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మనిషిని తింటుందని ఆ రోజు ఆమె మనసులో గట్టిపడిపోయింది.

పదిహేడేళ్ళకి మిల్లులో ఊడ్చే పనికి చేరింది. కొన్నేళ్ళకి మిల్లులోకి ‘ఐదు స’ల పద్ధతి వచ్చింది. వాళ్ళ భాషలో ‘స’తో మొదలయ్యే ఐదు మాటలు. అక్కర్లేనిది తీసెయ్యి, అక్కరున్నది చేతికందేలా పెట్టు, శుభ్రం చెయ్యి, చేసిన శుభ్రం చెడనివ్వకు, దాన్ని అలవాటు చేసుకో. గోడల నిండా పోస్టర్లు అంటించారు. మిగతా ఆడవాళ్ళకి అది ఇంకో చాకిరీ. “ఐదు ‘స’లు మనకి, ఆరో ‘స’ సెలవు మాత్రం వాళ్ళకి,” అని నవ్వుకున్నారు. మలివన్ మాత్రం ఆ పోస్టరు ముందు చేతులు జోడించినంత పని చేసింది. తన మనసులో మాట ఎవరో పెద్దవాళ్ళు అచ్చు వేయించి గోడకి అంటించారు. నాలుగేళ్ళు తిరక్కుండానే చీపురుతో మొదలైన మనిషి శుభ్రత కమిటీకి పెద్దయింది.

ఆ పద్ధతిలో ఫోటోలు ముఖ్యం. ఏడాదికోసారి మహా శుభ్రత రోజు జరిగేది. ఊడ్చకముందు ఒక ఫోటో, ఊడ్చాక ఒక ఫోటో. రెండూ ఒకే చోట నిలబడి తీయాలి. దానికి నేల మీద రెండు పాదాల బొమ్మలు పెయింటు చేశారు. ఫోటోలో ఎవరో ఒకరు తేదీ రాసిన పలక పట్టుకుని నిలబడాలి. ‘తర్వాత’ ఫోటోలో ఇస్త్రీ చొక్కాతో మేనేజర్ థవాత్ నిలబడేవాడు. ‘ముందు’ ఫోటోలో నిలబడటానికి మాత్రం ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. ఏడాది పొడుగునా నోటీసు బోర్డు మీద చెత్త పక్కన తమ మొహం ఎవరు పెట్టుకుంటారు?

లమై పెట్టుకుంది. ఆ దేశపు ఈశాన్యం పల్లెల నుంచి వచ్చిన మనిషి. దూది ఏకే విభాగంలో పని. పెద్ద నోరు, పెద్ద నవ్వు. ఆమె లాకరు తెరిస్తే ఎండు మిరపకాయలు, చింతపండు, ఊరబెట్టిన చేపల సీసా, పత్రికల్లోంచి చింపిన సినిమా బొమ్మలు మీద పడేవి.

“పలక కాస్త పైకెత్తవే, తేదీ కనపడాలి,” అంది మలివన్ మొదటి ఏడు, కెమెరా కంటికి ఆనించుకుని.

“తేదీ కనపడితే చాలా అక్కా, నేను కనపడొద్దూ?”

“ఇది నీ పెళ్ళిచూపుల ఫోటో కాదు. నీ వెనకున్న చెత్త ఫోటో.”

“అయితే చెత్త కంటే పిల్లే బావుందని కింద రాయించు. ఒక బిడ్డ తల్లినని చూడకుండా ఎవడైనా అడగొస్తాడు.”

ఏకే యంత్రాల వెనక దూది నూగు బూజులా వేలాడేది. దీపాల మీద, గొట్టాల మీద, కిటికీ అంచుల మీద, ఆడవాళ్ళ కనురెప్పల మీద కూడా. ‘ముందు’ ఫోటోలో అదంతా పడేది. తర్వాత మలివన్ తన మనుషులతో నాలుగైదు గంటలు ఊడ్చి, తుడిచి, కడిగేది. ‘తర్వాత’ ఫోటోలో హాలు అద్దంలా ఉండేది.

కొత్త ఏడు ఫోటోలు ఎక్కగానే పాత ‘ముందు’ ఫోటోలు చెత్తబుట్టలో వెయ్యాలన్నది మలివన్ పెట్టిన నియమమే. లమై ఊరుకోలేదు.

“బుట్టలో వేస్తావా? నా మొహం మీద ఎవరో తిని పారేసిన చేపముళ్ళు పడతాయి. బతికున్న మనిషికి మంచిది కాదక్కా.”

“మరేం చెయ్యమంటావు, గుడి కట్టించనా?”

“మీ ఇంట్లో దాచు. నీ ఇంట్లో చెత్త ఎలాగూ లేదు, నన్నైనా ఉంచుకో.”

అలా మొదలైంది డబ్బా. ఏడాదికొక ఫోటో.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మహా శుభ్రత రోజు ఎప్పుడు పెట్టాలో మలివన్ ఎంచేది కాదు. మేనేజర్ గది నుంచి తేదీ వచ్చేది. ఆ తేదీకి మర్నాడో రెండోనాడో తనిఖీ వాళ్ళు వచ్చేవారు. గాలిలో ధూళి ఎంతుందో కొలిచే డబ్బా పెట్టేవారు. ఆ పూట ఏకే యంత్రాలు సగానికి సగం మరమ్మతు పేరుతో ఆగి ఉండేవి. అంకె బావుండేది. గోడ మీదికి ఇంకో ప్రశంసాపత్రం ఎక్కేది. వారం తిరిగేసరికి నూగు మళ్ళీ యథాస్థానానికి వచ్చేది. ఇదంతా మలివన్‌కి తెలుసు. ఎవరూ ఆమెకి విడమర్చి చెప్పలేదు. విడమర్చి అడగాలని ఆమెకీ అనిపించలేదు.

ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగితే, మధ్యాహ్నానికల్లా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఏకే విభాగం ఆడవాళ్ళు దానికి ‘సోమవారం జబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. “ఆదివారం ఎక్కువ తాగుంటారు,” అనేవాడు మేస్త్రీ. తాగని లమై మొదట్లో సోమవారాలే దగ్గేది. తర్వాత మంగళవారాలు. ఆ తర్వాత దగ్గని రోజు లేదు.

*

ఎర్ర చీటీల నియమం కూడా మలివన్ చేతి మీదే నడిచేది. ముప్ఫై రోజులు ఎవరూ వాడని వస్తువు మీద ఎర్ర చీటీ అంటించాలి. ఎవరిదో, ఎప్పటి నుంచి పడి ఉందో రాయాలి. ఎవరూ అడక్కపోతే తీసెయ్యాలి. చీటీలో అన్నీ ఎర్ర సిరాతో రాయొచ్చు, పేరు మాత్రం నీలం పెన్నుతో. శవపేటిక మీద రాసే పేరు ఎర్రగా ఉంటుంది. బతికున్న మనిషి పేరు ఎర్ర సిరాతో రాయకూడదని అక్కడ బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు.

లమై జబ్బు సెలవు మీద వెళ్ళి నలభై రోజులైంది. లాకర్లు చూస్తూ వచ్చిన మలివన్ లమైదైన ముప్ఫై ఒకటో నంబరు దగ్గర ఆగింది. నీలం పెన్ను బోర్డు మీద దాని చోట లేదు. ఎవరో తీసుకుని తిరిగి పెట్టలేదు. ఆ ఖాళీ చోటు చూసి ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలో చేతికందిన ఎర్ర పెన్నుతోనే వస్తువు, తేదీ, కారణం, పేరు, అన్నీ గబగబా రాసి అంటించి ముందుకెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరు కాయితం ఇవ్వడానికి లమై వచ్చింది. రెండు అడుగులకోసారి గోడ పట్టుకుంటూ లాకరు దాకా నడిచి, చీటీ చూసి నిలబడిపోయింది.

“అక్కా, అప్పుడే పైకి పంపేశావా నన్ను?”

మలివన్ పరిగెత్తుకొచ్చి చీటీ పీకి నలిపేసింది. “నీలం పెన్ను కనపడలేదే. చూసుకోలేదు. నీ మీదొట్టు, చూసుకోలేదు.”

“పోనీలే,” అంది లమై. నవ్వబోతే దగ్గొచ్చింది. రెండు పొట్టి దగ్గులు, క్షమించమని అడిగినట్టు ఒక్క క్షణం ఆగి, ఒక పొడుగు దగ్గు. “నలభై రోజులుగా ఎవరికీ అక్కర్లేని సామానునే కదా. రూలు రూలే.”

పదకొండో రోజు చనిపోయింది.

మిల్లు ఆడవాళ్ళు మలివన్‌తో పోట్లాడలేదు. అంతకంటే పెద్ద శిక్షే వేశారు. సెలవు చీటీల మీద పేరు రాయబోతే, “వద్దులే, మా పేరు మేమే రాసుకుంటాం,” అని కాయితం లాక్కునేవారు. ప్రానీ మాత్రం మొహం మీదే అడిగింది.

“ఎవరైనా రాస్తారా అక్కా అలా? ఊరందరికీ రూల్స్ చెప్పేదానివి.”

నేనే చంపాను అన్న మాట రాత్రీ పగలూ మలివన్‌తోనే తిరిగింది.

తర్వాత దగ్గు మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు ఐదు నిమిషాలు యంత్రాలు ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో లాకర్ల వరస వైపు నుంచి ఎవరో దగ్గినట్టు వినపడుతోందన్నారు. ముందు కొత్తగా చేరిన అమ్మాయిలు విన్నారు. తర్వాత ప్రానీ వింది. మలివన్ కూడా వింది. రెండు పొట్టివి, కాస్త ఆగి ఒక పొడుగుది. ఆమె లెక్కపెట్టకుండా ఉండలేకపోయేది. ముప్ఫై ఒకటో లాకరు తాళం తియ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు.

అమ్మాయిలు ఆ వరసలోకి వెళ్ళడం మానేశారు. పని మందగించింది. మేనేజర్ థవాత్ తొమ్మిదిమంది భిక్షువులని పిలిపించాడు. మంత్రాలు చదివించి, హాలు చుట్టూ తెల్ల దారం కట్టించి, అందరికీ భోజనాలు పెట్టించాడు. “లమై ఆత్మకి శాంతి కలిగింది. ఇక భయం లేదు, పనిలోకి వెళ్ళండి,” అన్నాడు. దయ్యం కోసం ఆ మిల్లు ఒక పూటంతా యంత్రాలు ఆపింది. అదే మనిషి బతికి దగ్గుతుంటే ఒక్క గంట ఆపలేదు. దయ్యం వల్ల ఏ మిల్లుకీ నష్టం లేదు. దయ్యానికి ఎక్స్‌రే తియ్యమని ఎవరూ అడగరు.

వారం తిరిగేసరికి ఆ పవిత్ర దారానికి నూగు పట్టింది. వేలెడు లావున, బొచ్చు పురుగులా. మలివన్ నిచ్చెనెక్కి తడిగుడ్డతో దాన్ని తుడిచింది. మళ్ళీ వారానికి మళ్ళీ తుడిచింది.

*

లమై కూతురు వారుణి ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. జిరాక్స్ దుకాణంలో పని. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, గీసిన చదరంలో సరిగ్గా పెట్టి, లోపలికొచ్చి కూర్చుంది.

“పెద్దమ్మా, అమ్మ గుండె ఆగి పోయిందని కాయితంలో రాశారు. గుండె అందరికీ ఆగుతుంది. ఎందుకాగిందో రాయించాలి నాకు. కార్మికుల కేసులు చూసే ప్రభుత్వ సంఘంలో అర్జీ పెట్టాను. శుక్రవారం విచారణ.”

“మంచి పని చేశావు.”

“మిల్లు వాళ్ళు పద్నాలుగు ఫోటోలు తెచ్చి చూపించారు. ‘తర్వాత’ ఫోటోలు. అద్దాలు కట్టించి మరీ తెచ్చారు. హాలు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, ధూళన్నదే లేదు అన్నారు. ప్రతి ఫోటో కిందా నీ సంతకం.”

మలివన్ మంచం మీద దుప్పటి ముడత ఒకటి చేత్తో సాపు చేసింది.

“‘ముందు’ ఫోటోలు నీ దగ్గరున్నాయని అమ్మ చెప్పేది.”

“లేవు. పారేశాను,” అంది మలివన్. “నా సంగతి తెలుసుగా. ఏదీ ఉంచుకోను.” మంచం మీద కూర్చున్న ఆమె మడమ డబ్బాని ఇంకాస్త లోపలికి నెట్టింది. తగరం నేలకి రాసుకున్న చప్పుడు ఇద్దరికీ వినపడింది.

వారుణి ఆ వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే మలివన్‌ని నిలవనివ్వలేదు.

“నీకు చెప్పాల్సింది వేరే ఉందమ్మా. మీ అమ్మని చంపింది నేనే. పేరు ఎర్ర సిరాతో రాశాను. నా చేత్తో.”

“తెలుసు. అమ్మ ఇంటికొచ్చి చెప్పి నవ్వింది.” వారుణి గొంతులో విసుగు వినపడింది. “ఇప్పుడు మిల్లు వాళ్ళు కూడా అదే మాట అంటున్నారు పెద్దమ్మా. వాళ్ళకి ఆ కథ భలే నచ్చింది. అమ్మ ఊపిరితిత్తుల ఎక్స్‌రే దీపానికి పెట్టి డాక్టరు నాకు చూపించింది సిరా మరక కాదు.”

“మరి...”

“నువ్వు పెన్ను గురించి ఏడుస్తావు. చీపురు గురించి ఏడవవు.” ఆ పిల్ల లేచింది. “పారేశానన్నావు కాబట్టి వెతకమని అడగను. పద్నాలుగేళ్ళు పలక పట్టుకుని నిలబడింది మా అమ్మ. అంతే గుర్తుచేస్తున్నాను.”

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

*

మంగళవారం మలివన్ డబ్బా సంచిలో పెట్టుకుని గుడి వెనక శవాలు కాల్చే చోటికి వెళ్ళింది. కాటి పని చూసే ముసలాయన బూడిద జల్లిస్తున్నాడు.

“తాతా, ఇందులో చనిపోయినామె ఫోటోలున్నాయి. కాల్చెయ్యాలి.”

“మనిషి దహనం అయిందా?”

“అయింది. ఇక్కడే.”

“మరి రెండోసారి ఎందుకమ్మా?” అన్నాడాయన తలెత్తకుండానే.

మలివన్ సంచి పట్టుకుని తిరిగొచ్చేసింది.

బుధవారం రెండింటికి యంత్రాలు ఆగాయి. దగ్గు వినపడింది. ఈసారి ఆమె పారిపోలేదు. తాళాల గుత్తి తీసుకుని లాకర్ల వైపు నడిచింది. వెనక నుంచి ప్రానీ కేకేసింది.

“అక్కా! ఊరికే తియ్యకు. అగరొత్తి ఒకటి వెలిగించి, చెప్పి తియ్యి.”

ఒకే ఒక అగరొత్తి. చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడటానికి ఒకటే వెలిగిస్తారు. అమ్మమ్మ పోయాక మలివన్ అగరొత్తి ముట్టుకున్నది అదే మొదటిసారి. దాన్ని పక్క లాకరు తలుపు సందులో గుచ్చి, “లమై, తీస్తున్నానే. కోప్పడకు,” అంది. తాళం తిప్పింది.

ఎండు మిరపకాయలు మీద పడతాయనుకుంది. ఏమీ పడలేదు. లోపల అరలకి పసుపు టేపు గీతలున్నాయి. చెప్పులు చెప్పుల చోట, గిన్నె గిన్నె చోట. తలకి కట్టుకునే గుడ్డలు, పాత చొక్కాలు చింపి కుట్టుకున్న ముక్కు గుడ్డలు ఏడు, మడిచి వరసగా ఉన్నాయి. వాటి కింద ‘సోమ’, ‘మంగళ’ అని చిన్న చీటీలు. సెలవు మీద వెళ్ళేముందు సర్దుకున్నట్టుంది, అక్క చూసి మెచ్చుకోవాలని. చూపించాలనే ఆ రోజు లాకరు దాకా నడిచిందేమో. చీటీ అడ్డొచ్చింది.

కానీ మలివన్ ఊపిరి ఆగింది అందుకు కాదు. వాటన్నిటి మీదా నూగు ఉంది. వేలు పెడితే గోరు మునిగేంత. తాళం వేసి ఐదు నెలలు పైనే. తలుపుకి గాలి కోసం చేసిన నాలుగు చిన్న బెజ్జాలు తప్ప దారి లేదు. తాళం వేసిన ఇనప పెట్టెలోకే ఇంత వెళితే, ఇరవై ఏళ్ళు నోరు తెరిచి పాడుతూ, నవ్వుతూ, పిలుస్తూ పనిచేసిన మనిషి లోపలికి ఎంత వెళ్ళి ఉంటుంది? ఇక్కడ నిలబడ్డ ప్రానీ లోపల ఎంతుంది? తన లోపల?

చెయ్యి అలవాటు కొద్దీ నడుముకి దోపుకున్న తడిగుడ్డ మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. తుడవలేదు. తలుపు అలాగే మూసి తాళం వేసింది.

“ఏముందక్కా లోపల?” అంది ప్రానీ దూరం నుంచి.

“నూగు.”

“అంతేనా?”

“అంతే.”

గురువారం సెలవు పెట్టి, ఇంట్లో నేల మీద పద్నాలుగు ఫోటోలూ వరసగా పరిచింది. వెనక ఉన్న నూగు ఏ ఏడు ఫోటోలోనూ మారలేదు. ముందున్న మనిషే మారింది. మొదటి ఏడు పలక తల కంటే ఎత్తులో ఉంది. ఐదో ఏడు గడ్డం దగ్గర. పదో ఏడు ఛాతీ దగ్గర. ఏటికేడూ అదే నీలం చొక్కా, లోపలి మనిషి తగ్గుతూ వచ్చింది. ఆఖరి ఫోటోలో పలక నడుము దగ్గర వేలాడుతోంది. మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక. ప్రతి ఫోటో కింద మూలన, గోడకి ఆనించి సిద్ధంగా పెట్టిన ఒక చీపురు కర్ర కనిపిస్తోంది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె కంటికి అది ఆనలేదు.

*

విచారణ గదిలో బల్ల వెనక ముగ్గురు, మధ్యలో సంఘం అధ్యక్షురాలు. ఇటు వారుణి. అటు థవాత్, మిల్లు తరఫు లాయరు. మలివన్ లోపలికి రాగానే థవాత్ లేచి చిరునవ్వు నవ్వాడు. తమ సాక్షే అనుకున్నాడు. ఆమె అతని ముందు నుంచి నడిచి వెళ్ళి డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. అతని నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

అధ్యక్షురాలు ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. ఏ ఏడుకి ఆ ఏడు ‘తర్వాత’ ఫోటో పక్కన పెట్టి చూసింది.

లాయరు ఆఖరి ఫోటో అందుకున్నాడు. “మేడమ్, చనిపోయిన ఏడాదికి సంబంధించినది ఇదొక్కటే. ఇందులో మొహమే లేదు. ఇది ఎవరైనా కావచ్చు. కెమెరా పాడైపోయిన ఫోటో.”

“కెమెరా పాడవలేదు,” అంది మలివన్.

“మరి?”

“లమై దగ్గుతోంది. నేను మీట నొక్కేదాకా ఊపిరి బిగపట్టవే అన్నాను. రెండుసార్లు ప్రయత్నించింది. దానివల్ల కాలేదు. మూడోసారి నొక్కేశాను, టైమైపోతోందని.”

“టైమ్ దేనికి?” అడిగింది అధ్యక్షురాలు.

“ఊడవడానికి. మర్నాడు తనిఖీ.”

“తనిఖీ అని మీకు ముందే తెలుసా?”

“తేదీ మేనేజర్ గారి గది నుంచి వచ్చేది. ప్రతి ఏడూ. నూగు వారంలో తిరిగొచ్చేది. అదీ తెలుసు.”

లాయరు నవ్వాడు. “అంటే పద్నాలుగేళ్ళూ దాచింది మీరేనన్నమాట. సంతకాలూ మీవే.”

“చీపురు నాదే. రాసుకోండి,” అంది మలివన్. “దాచాలని నిర్ణయించింది మాత్రం నేను కాదు. అదీ రాసుకోండి. ముప్ఫై ఒకటో లాకరు నేను తుడవలేదు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. రేపటికల్లా తుడిపిస్తారు. చూడాలంటే ఇవాళే వెళ్ళండి.”

అధ్యక్షురాలు పక్కనున్నవాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడింది. లాకరు చూడటానికి ఇద్దరు మనుషులు అప్పటికప్పుడు జీపెక్కారు. థవాత్ ఫోను తీసి బయటికెళ్ళబోతే, అధ్యక్షురాలు కూర్చోమంది. తీర్పు ఆ రోజు రాలేదు. ఇంకో రెండు వాయిదాలు పడతాయన్నారు. ఏకే విభాగంలో పనిచేసే ముప్ఫై ఆరుగురు ఆడవాళ్ళకీ ఎక్స్‌రేలు తియ్యాలని మాత్రం కాయితం రాశారు. ఆ జాబితా చెప్పింది మలివన్. రోజూ ఊడ్చేదాన్ని నన్నూ కలుపుకోండి అని ముప్ఫై ఏడో పేరు తనది చెప్పింది.

సాయంత్రం బస్సు స్టాపులో ఇద్దరే నిలబడ్డారు.

“ఫోటోలు తిరిగిస్తారా?” అంది వారుణి.

“కేసయ్యాక అన్నారు.”

వారుణి రోడ్డు వైపు చూస్తూ అడిగింది. “ఆ ఆఖరి ఫోటో తీశాక అమ్మ ఏమంది?”

“ఏమీ అనలేదు. మాట రాలేదు దానికి.”

“నువ్వేమన్నావు?”

అబద్ధం చెప్పొచ్చు. ఆ మాట విన్నవాళ్ళెవరూ మిగల్లేదు. మలివన్ చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

“పక్కకి జరగవే, ఊడవాలి అన్నాను.”

బస్సు వచ్చింది. ఫ్రా ప్రదేంగ్‌కి వెళ్ళేది ఆ ఒక్క బస్సే. ముందు వారుణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చేతిసంచి తీసి పక్క సీటులో పెట్టింది. మలివన్ ఆ సంచి చూసి, దాటుకుంటూ వెళ్ళి, వెనక ఇనప కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు నది మీద వంతెన ఎక్కింది. అవతల మిల్లు పొగగొట్టం కనపడుతోంది. సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. మలివన్ కూర్చోలేదు. వంతెన దిగేదాకా ఆ సంచి అక్కడే ఉంది.